ఏడో నంబరు ట్యాంకు

పదకొండుంపావుకు స్టేషన్ మెట్లెక్కేసరికే డిటెక్టివ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. మధ్యాహ్నం మూడింటికి మోటారు మేస్త్రిని కోర్టులో హాజరుపరుస్తారు. ఒకసారి జడ్జి ముందు నిలబెట్టి, హత్య అనే మాట కాగితం మీద పడ్డాక, ఆ ముసలాయన మళ్ళీ తన షెడ్డు తలుపు తీయడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆమెకు తెలుసు. చేతిలో నాలుగు గంటలు కూడా లేవు. అందులో పావుగంట గేటు దగ్గర సంతకాలకే పోయింది.

ఎదుట ఆమెను డిటెక్టివ్‌గారూ అని పిలిచేవాళ్ళంతా వెనక గునపం అంటారు. ఒకచోట దిగబడితే తవ్వేదాకా లేవదని. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు, పడ్డాక బాధపడిందీ లేదు.

ఆమెను ఈ కేసులోకి దింపింది మేస్త్రి కూతురు. ముప్పై ఏళ్ళ మనిషి, తండ్రితో సమానంగా షెడ్డులో పనిచేస్తుంది, గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు పోదు. ఏడ్చి ఏడ్చి కాదు, పళ్ళు కొరికి కొరికి ఆమె దవడలు వాచినట్టున్నాయి. తన తండ్రి మోటారు బాగుచేశాక అది నీళ్ళ మీద ఆగిందంటేనే ఆమెకు పట్టరాని కోపం. అది హత్య అంటే ఆ కోపానికి పేరే లేదు.

జరిగింది ఇది. నదిలో నీటి లోతు కొలిచే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. రేవులో అందరూ కొలతలాయన అనేవాళ్ళు. రోజూ పొద్దున్నే పడవలో ఆనకట్ట దాకా వెళ్ళి, ఏడింటికి గేట్లు ఎత్తేలోపు మట్టం చూసుకుని వెనక్కి వచ్చేయడం ఆయన పని. మొన్న ఆరూ ముప్పై ఐదుకి రేవు వదిలాడు. ఆరూ యాభైకి, వెనక్కి తిరిగాక, ఆనకట్టకు దగ్గరలోనే మోటారు ఆగిపోయింది. గేట్లెత్తేవాడు పైనుంచి చూశాడు. తాడు లాగితే అంటుకుందట, కాస్త ముందుకి దూకి మళ్ళీ ఆగిపోయిందట. అలా మూడుసార్లు. ఎలాగో బయటపడతాడులే అనుకున్నాడట. అరుపులు వినపడేంత దూరం కాదు. ఏడు కొట్టగానే అలవాటు ప్రకారం గేటు లేచింది. ఏడూ ఎనిమిదికి పడవ ఆయనతో సహా గేటు కింద పడి నలిగిపోయింది. అంతకు ముందురోజే ఆ మోటారును మేస్త్రి విప్పి బిగించాడు. అంతకు వారం ముందు ఇద్దరూ నడివీధిలో తిట్టుకున్నారు. ఇక ఇన్‌స్పెక్టరుకి ఆలోచించే శ్రమ తప్పింది.

మేస్త్రిని ఒక చేత్తో బెంచీ ఇనుప కాలికి బేడీ వేసి కూర్చోబెట్టారు. డిటెక్టివ్ మూడు ప్రశ్నలడిగింది. ఆయన గోడను చూస్తూ కూర్చున్నాడు. నాలుగోది అడిగింది. గోడను మానేసి నేలను చూశాడు. బయట కూతురు కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే ఈయన ఇక్కడ నోరు కుట్టేసుకుని కూర్చోవడం చూసి డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. పుస్తకం తెరిచి, పెన్ను తీసి, ఆయనకు వినపడేలా రాయడం మొదలుపెట్టింది.

"మేస్త్రికి వయసు మీదపడింది. చూపు ఆనడం లేదు. పెట్రోలు పంపు సరిగా బిగించలేదు. ఇది హత్య కాదు, చేతకానితనం. ఇలా రాస్తే శిక్ష తగ్గుతుంది లెండి."

మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. బేడీ లాగి బెంచీ ఒక జానెడు ముందుకొచ్చింది.

"ఎవరికమ్మా చేతకానిది? నేను బిగించిన పంపు పాడైందని ఎవడన్నాడు? విప్పి చూశాడా వాడు?"

"చూడలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఎలా చూడాలి?"

దాంతో గట్టు తెగింది. మేస్త్రి నిలబడే చెప్పాడు, కూర్చోమంటే కూర్చోలేదు. మోటారుకి పెట్రోలు అందడం అనేది మూడు చేతులు మారే వ్యవహారమట. ట్యాంకు ఇవ్వాలి, గొట్టం తేవాలి, పంపు లాక్కోవాలి. మూడింటినీ ఒకేసారి అనుమానించేవాడు మేస్త్రి కాదు. మంచిదని తెలిసిన ట్యాంకు, మంచిదని తెలిసిన గొట్టం పెట్టి మోటారు నడపాలి. తర్వాత ఒక్కొక్కటే అనుమానమున్నది పెట్టుకుంటూ పోవాలి. దేన్ని పెట్టాక ఆగుతుందో దానిదే తప్పు.

గొట్టం మధ్యలో పిసికే రబ్బరు బల్బు ఉంటుంది, దాన్ని చూస్తే సగం కథ తెలుస్తుందన్నాడు. అది పిసికిన కొద్దీ మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోందని. లోపలికి పీక్కుపోయి నొక్కుకుపోతే ట్యాంకు వైపు ఏదో అడ్డం పడిందని. గట్టిగా ఉండి కూడా మోటారు ఆగిపోతే అప్పుడొచ్చి తన చొక్కా పట్టుకోమన్నాడు.

ఇన్‌స్పెక్టరు పెద్ద సాక్ష్యమని పెట్టుకున్నది గాలి మరని. ట్యాంకు మూత మీద చిన్న మర ఉంటుంది, పెట్రోలు తగ్గినకొద్దీ దానిలోంచి గాలి లోపలికి పోవాలి. అది బిగించేస్తే కాసేపటికి మోటారుకి పెట్రోలు రాదు. కొలతలాయన ట్యాంకు మర బిర్రుగా బిగించి దొరికింది. ఆ మాట చెప్పగానే మేస్త్రి చీదరగా మొహం పెట్టాడు.

"ఇరవై ఏళ్ళు నీళ్ళ మీద బతికినవాడమ్మా. మోటారు ఆగితే వాడి చెయ్యి ముందు పడేది ఆ మర మీదే. మూడుసార్లు తాడు లాగినవాడు దాన్ని చూసుకోలేదంటే నేను నమ్మను."

"మీరు ట్యాంకు చూశారా?"

మేస్త్రి ఈసారి కూర్చున్నాడు. తన షెడ్డుకి మోటారు వస్తుంది కానీ ట్యాంకు రాదన్నాడు. ట్యాంకులు రేవువాళ్ళవి. బాగుచేసిన మోటారును తన సొంత ట్యాంకు పెట్టి నడిపి చూసి ఇచ్చేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి. ట్యాంకంటే నీళ్ళ బిందెలాంటిది, దాంట్లో చూడటానికేముందని ఎవరూ అనుకోలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కిందికి దిగింది.

తగాదా సంగతి అడిగితే దాచలేదు. పెట్రోలు వడగట్టే ఫిల్టరు నెలల తరబడి శుభ్రం చేయడని తిట్టాడు. ఈసారి నడిమధ్య ఆగిపోతే నా దగ్గరికి రాకు, ఈదుకుంటూ పో అన్నాడు. వీధంతా విన్నారు.

"అన్నానమ్మా. ఆ మాట నేనే అన్నాను. అదే చెవుల్లో మోగుతోంది, ఇక ఈ పోలీసులు అడిగేదానికి ఏం జవాబు చెప్పను?"

డిటెక్టివ్ పుస్తకంలో తాను రాసిన కాగితం చింపి జేబులో పెట్టుకుంది.

పన్నెండింటికి ఆమె, మేస్త్రి కూతురు రేవులో ట్యాంకుల గదికి చేరారు. గుమాస్తా ఒక సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు, మాట్లాడుతున్నంతసేపూ దాన్ని తీసి పెడుతూ ఉంటాడు. ట్యాంకులు ఎవరివి అని అడిగితే అందరివీ అన్నాడు. ఒకప్పుడు ఎవరి ట్యాంకు వాళ్ళదే. పెట్రోలు నిండుగా ఉండి బరువున్నది నాదంటే నాదని ఇద్దరు పడవవాళ్ళు తలలు పగలగొట్టుకున్నాక రేవులో కొత్త కట్టుబాటు వచ్చింది. సాయంత్రం గుమాస్తా ట్యాంకులన్నీ నింపి వరసగా పెడతాడు. ఏ వరసలో పెట్టాడో నంబర్లు పుస్తకంలో రాస్తాడు. పొద్దున ఎవరు ముందు కదిలితే వాళ్ళకి మొదటిది, తర్వాతివాడికి రెండోది. మధ్యలోంచి లాగడానికి వీల్లేదు, పెద్ద ఆఫీసరైనా సరే. తిరిగొచ్చిన ట్యాంకులు వెనక గోడకు పోతాయి. మధ్యాహ్నం పడవలకి మళ్ళీ అదే తంతు.

మొన్నటి వరస చూపించమంది. ఏడు, రెండు, పదకొండు, ఐదు అని రాసి ఉంది. పక్కన పడవల పేర్లు. మొదట రోజూ ఆనకట్ట దాకా వెళ్ళొచ్చే పోలీసు గస్తీ పడవ, ఆరున్నర. రెండోది కొలతలాయన, ఆరూ ముప్పై ఐదు.

పోలీసు పడవ వెళ్ళడం కళ్ళారా చూశారా అని అడిగింది. గుమాస్తా పెన్సిలు చెవి మీంచి తీశాడు. రోజూ వెళ్తుంది కదండీ అన్నాడు. రోజూ సంగతి కాదు, మొన్నటి సంగతి చెప్పమంది. రాసి ఉంది కదండీ అన్నాడు. రాసింది మీరే కదా అంది. గుమాస్తా నీళ్ళు నమిలాడు. ఆయన దేనికి భయపడుతున్నాడో ఆమెకు అప్పటికింకా అంతుపట్టలేదు, భయపడుతున్నాడని మాత్రం తెలిసింది. మెడ పట్టుకుని ఊపాలనిపించింది. బదులుగా గది తాళంచెవి రాత్రిళ్ళు ఎక్కడుంటుందని అడిగింది. నది గస్తీ పోలీసుల గదిలో, తలుపు పక్క మేకుకి అని చెప్పి, ఈ ఒక్క జవాబైనా నిజం చెప్పగలిగినందుకు గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు.

స్టేషన్ వెనక యార్డులోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు ఎదురుగానే ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. కేసు రెండు రోజుల్లో తేల్చానని పైవాళ్ళ చేత శెభాష్ అనిపించుకున్నాడు, ఇప్పుడు ఒక ఆడమనిషి వచ్చి దాన్ని కెలుకుతుంటే ఆయన మొహం కందగడ్డలా ఉంది. పరీక్ష చేసుకోవచ్చని జడ్జి ఇచ్చిన కాగితం ఆమె చూపించింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తిప్పి వెనక కూడా చూశాడు.

"కోర్టు టైముకి నా ముద్దాయి కోర్టులో ఉంటాడు. అప్పటిదాకా మీరు మోటార్లు నడుపుకుంటారో, తొట్టిలో స్నానాలు చేస్తారో మీ ఇష్టం మేడం."

"నా కాలక్షేపానికి రాలేదు. మీరు చూడకుండా వదిలేసింది చూడటానికొచ్చాను."

ఒకటిన్నరకు తాను వెళ్ళాల్సిన గస్తీకి ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళను పంపించేసి, ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఈ గునపాన్ని యార్డులో వదిలేస్తే ఏం తవ్వుకుపోతుందోనని ఆయన బెంగ.

మేస్త్రి కూతురు చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగింది. కొలతలాయన మోటారు మూత సొట్టపోయింది, లోపల మాత్రం బాగానే ఉంది. దాన్ని చట్రానికి బిగించి, కింద నీళ్ళ తొట్టి పెట్టింది. ముందు తన షెడ్డు ట్యాంకు, తన గొట్టం. మెల్లగా నడిపింది, తర్వాత స్పీడు పెంచింది. పదిహేను నిమిషాలు. మోటారు ఎక్కడా తడబడలేదు. బల్బు గట్టిగా ఉంది. ఆమె తండ్రి బిగించిన పంపు నిక్షేపంగా ఉందని యార్డులో అందరికీ వినపడింది. ఆమె ఇన్‌స్పెక్టరు వైపు చూసిన చూపుకి ఆయన తల తిప్పుకున్నాడు.

గొట్టం మార్చింది. కొలతలాయన గొట్టం, షెడ్డు ట్యాంకు. మళ్ళీ పదిహేను నిమిషాలు. తేడా లేదు.

ఒకటీ నలభై మూడుకి కొలతలాయన ట్యాంకు తగిలించింది. గాలి మర బిగించే ఉంది, చెయ్యి పెట్టబోయి ఆగింది. దాన్ని ఇలాగే నీళ్ళలోంచి తీశారా అని డిటెక్టివ్ అక్కడున్న కానిస్టేబులును అడిగింది. ఆయన ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు.

"ఆయన్ని కాదు, నన్ను చూసి చెప్పండి. ట్యాంకును జీపులో ఎవరు తెచ్చారు?"

తానే తెచ్చానన్నాడు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. కుదుపులకి మూతలోంచి పెట్రోలు చిమ్ముతుంటే, వాసనకి కడుపులో తిప్పుతుంటే మర బిగించాడట. అందులో తప్పేముందండీ అని కూడా అడిగాడు పాపం. తప్పేమీ లేదు, ఆ మర మీదే ఒక మనిషిని రెండు రోజులుగా బెంచీకి కట్టేశారు, అంతే. ఇన్‌స్పెక్టరు కానిస్టేబులును తినేసేలా చూశాడు. తినాల్సింది ఆయన్ని కాదు కదా అని ఆమె అనుకుంది.

మర వదులు చేసి మోటారు నడిపారు. మెల్లగా నాలుగు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. స్పీడు పెంచారు. నలభై సెకన్లు. గొట్టం మధ్యలో బల్బు అందరి కళ్ళ ముందే లోపలికి పీక్కుపోయింది. మోటారు రెండు దగ్గులు దగ్గి ఆగింది. కాసేపాగి తాడు లాగితే అంటుకుంది. మెల్లగా నడిచింది. స్పీడు పెంచితే మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. గేట్లెత్తేవాడు పైనుంచి చూసింది సరిగ్గా ఇదే.

మేస్త్రి కూతురు ట్యాంకు మూత విప్పి లోపలికి టార్చి వేసింది. ఏమీ లేదు, తేటగా పెట్రోలు. పెట్రోలు లాగే గొట్టం అడుగున చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని పైకి తీసింది. శుభ్రంగా ఉంది. ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. అప్పుడామె ఒక బేసిను మీద గుడ్డ కట్టి, ట్యాంకు మొత్తం వంపేసింది. చివరి గుక్కతో పాటు ఏదో జారి గుడ్డకి అంటుకుంది. పెట్రోలు రంగులోనే ఉన్న పలచటి ప్లాస్టిక్ కాగితం. అరచెయ్యంత. అంచులు కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

మెల్లగా పోతున్నప్పుడు అది లోపల తేలుతూ ఉంటుంది. స్పీడు పెంచితే పెట్రోలుతో పాటు వెళ్ళి జల్లెడకు అతుక్కుంటుంది. మోటారు ఆగగానే ఊడి మళ్ళీ తేలుతుంది. ప్రవాహంతో పాటు ఆనకట్ట వైపు దిగేటప్పుడు ఎవరూ స్పీడు పెంచరు. ఎదురెక్కి తిరిగి వచ్చేటప్పుడే పెంచుతారు, గేట్ల ముందు. పాపం కొలతలాయన, నీళ్ళు లాగుతున్నకొద్దీ ప్రాణభయంతో హ్యాండిల్ మొత్తం తిప్పి ఉంటాడు. తిప్పిన ప్రతిసారీ ఆ కాగితాన్ని తన చేత్తోనే లాక్కున్నాడు. ఆ సంగతి మేస్త్రి కూతురే చెప్పింది, చెప్పి బేసిను పక్కకు తన్నింది.

"సరే, అయితే మేస్త్రే వేశాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మోటారు కాకపోతే ట్యాంకు. నా కేసుకి ఇంకా మంచిది."

డిటెక్టివ్ ట్యాంకును కాలితో తిప్పింది. పక్కన తెల్ల రంగుతో పెద్దగా ఏడు అని ఉంది. ఆమె వంగి దాన్ని చూసింది. గుమాస్తా దేనికి నీళ్ళు నమిలాడో అప్పుడర్థమైంది.

"ఇన్‌స్పెక్టరుగారూ, మొన్న ఆరున్నరకు మీరు గస్తీకి వెళ్ళారా?"

వెళ్ళానన్నాడు. డైరీలో ఉందన్నాడు. రేవు పుస్తకంలోనూ ఉంది చూసుకోమన్నాడు.

"చూశాను. మొదట కదిలిన పడవకి ఏడో నంబరు. రెండో పడవకి రెండో నంబరు. మీరు ముందు వెళ్ళి ఉంటే ఈ ట్యాంకు మీ పడవలో ఉండాలి. చచ్చిపోయినాయన పడవలోకి ఎలా వచ్చింది?"

గుమాస్తా తప్పు రాసి ఉంటాడన్నాడు. ఎక్కడ తప్పు రాశాడని ఆమె అడిగింది. నంబరు అన్నాడు. నంబర్లు ముందురోజు సాయంత్రమే రాస్తారు, అప్పటికి ఎవరూ చావలేదంది. కానిస్టేబుళ్ళ ముందు తనను ప్రశ్నించే హక్కు ఎవరిచ్చారని ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆమె ఇంకా రెండడుగులు ముందుకే వేసింది.

"ఒక ముసలాయన్ని బెంచీకి కట్టేశారు. ఇంకో గంటలో హంతకుడని ముద్ర వేయిస్తారు. మీ పరువు తర్వాత చూద్దాం. వెళ్ళారా, లేదా?"

ఇన్‌స్పెక్టరు మొహం మెడ దాకా ఎర్రబడింది.

"నిద్రపోయాను," అన్నాడు. "మెలకువ వచ్చేసరికి ఏడున్నర. డైరీ తర్వాత రాశాను. గుమాస్తాకి ఫోన్ చేసి పుస్తకంలో రాయమన్నాను. ఇప్పుడు సంతోషమా?"

సంతోషం మాట దేవుడెరుగు, ఆమెకు ఆయన్ని ఆ తొట్టిలోనే ముంచాలన్నంత కోపం వచ్చింది. నిద్రపోయిన సంగతి కప్పిపుచ్చుకోవడానికి రాసిన ఒక్క ముక్క, రెండు రోజులుగా కేసంతటికీ ముసుగు వేసింది.

"మీరు రాలేదు కాబట్టి మొదటి ట్యాంకు కొలతలాయనకి పోయింది. దాన్ని పెట్టింది ఆయన కోసం కాదు. మేస్త్రికి మీతో తగాదా లేదు. ఎవరికుంది?"

ఇస్త్రీ మనిషి ఒక్కసారిగా నలిగిపోయినట్టు కనిపించాడు. గస్తీ పడవకు డ్రైవర్ ఒకడున్నాడని చెప్పాడు. ఇసుక దొంగలకు గస్తీ వేళలు చేరవేస్తున్నాడని తెలిసి, పైకి రాస్తానని పోయిన వారమే వాడితో అన్నాడట. మొన్న వాడు కడుపునొప్పని రాలేదు. వాడు రాని రోజు పడవను తానొక్కడే నడుపుకుంటూ వెళ్తాడు. ఆ సంగతి డ్రైవర్‌కి తెలుసు. తాళంచెవి వేలాడే గదిలో పడుకునేది కూడా వాడే.

"ఇవాళ ఆ డ్రైవర్ ఎక్కడ?"

"సెలవు," అని చెబుతూనే ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. ఒకటీ యాభై ఎనిమిది. రెండింటికి గేట్లు మళ్ళీ లేస్తాయి. మధ్యాహ్నం వరసలోనూ మొదటి ట్యాంకు గస్తీ పడవదే. తన బదులు ఒకటిన్నరకు వెళ్ళిన ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన కళ్ళలో మెదిలారు కాబోలు, నడుముకున్న వైర్‌లెస్ సెట్ తీశాడు.

పిలవగానే జవాబొచ్చింది. మోటారు ఆగిపోయింది సార్, అంటుకుంటుంది మళ్ళీ ఆగిపోతోంది అని ఒక ఆడగొంతు. లంగరు వేశారట, అడుగున సిమెంటు నేల, అది జారిపోతోంది. గేట్లాఫీసుకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తే మనిషి అప్పటికే పైకి వెళ్ళిపోయాడు. దూరంగా గేట్లు ఎత్తే ముందు మోగే సైరన్ వినిపించింది.

ఏం చెప్పాలో ఇన్‌స్పెక్టరుకి తెలియదు. డిటెక్టివ్‌కీ తెలియదు. మేస్త్రి కూతురు మాత్రం లోపలికి పరిగెత్తి, కోర్టుకి తీసుకెళ్ళడానికి బెంచీ నుంచి అప్పుడే విప్పి బేడీల గొలుసు పట్టుకున్న కానిస్టేబులుతో సహా తండ్రిని లాక్కొచ్చింది, వచ్చేలోపే సంగతంతా చెప్పేసింది. ఇన్‌స్పెక్టరు చేయి చాచి సెట్ ఆయనకిచ్చాడు. రెండు రోజులుగా తనను దొంగ వెధవ అన్న మనిషి చేతిలోంచి మేస్త్రి దాన్ని లాక్కున్నాడు. కోపం గొంతు నిండా ఉంది.

"స్పీడు పెంచమని ఎవరు చెప్పారు మీకు? ఆపు. మోటారు ఆపేయ్. ట్యాంకును రెండు చేతులతో పట్టుకుని బాగా కుదుపు. కుదిపావా? ఇప్పుడు బల్బు పిసుకు, గట్టిపడేదాకా. తాడు లాగు."

సెట్‌లోంచి మోటారు చప్పుడు వచ్చింది.

"హ్యాండిల్ పావు వంతు. అంతకు మించితే చస్తారు. ఎదురెక్కకు. పడవ ముక్కును ఎడమ ఒడ్డు వైపు తిప్పు. నీళ్ళు లాగుతాయి, లాగనీ. అడ్డంగా పోతూ ఉండు. భయమేసి చెయ్యి తిప్పావో, నేనే వచ్చి కొడతాను."

చప్పుడు ఆగలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఒడ్డు దగ్గరికొస్తోంది బాబాయ్ అని ఆడగొంతు ఏడుస్తూ చెప్పింది. ఇంకో ఐదు నిమిషాలు అలాగే పోనివ్వమన్నాడు మేస్త్రి.

అప్పుడు సెట్ గరగరమంది. మూడో గొంతు. మగగొంతు, తీరిగ్గా ఉంది.

"బాగా చెప్పావు మేస్త్రీ. ఇంతకీ సార్ పడవలో లేరా?"

ఆ గొంతు ఎవరిదో ఇన్‌స్పెక్టరు చెప్పనక్కర్లేకపోయింది. ఆడగొంతు సన్నగా అందుకుంది. సార్, ఎడమ ఒడ్డున మన డ్రైవర్ నిలబడి ఉన్నాడు, చేతిలో సెట్ ఉంది, ఇంకో చేతిలో పిస్తోలు ఉంది అని. సెలవు పెట్టినవాడి పిస్తోలు ఎందుకు జమ చేయించుకోలేదని డిటెక్టివ్ అడగలేదు. ఆయన మొహమే చెప్పింది.

రెండో ఒడ్డుకు తిప్పగలరా అని ఆమె మేస్త్రిని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు తిప్పితే గేట్లలోకే పోతారు.

"సార్‌ని ఇక్కడికి పంపండి," అంది సెట్. "ఒక్కడినే. ఆడపిల్లలు ఒడ్డుకు రావడానికి ఐదు నిమిషాలన్నావు కదా మేస్త్రీ. నేను చూస్తూనే ఉంటాను."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి తాళంచెవి తీసి మేస్త్రి బేడీ విప్పాడు. తర్వాత జీపు వైపు నడిచాడు. డిటెక్టివ్ ఆయన కంటే ముందే వెళ్ళి, వెనక సీటు కింద నేల మీద పడుకుని గోనెపట్టా పైకి లాక్కుంది. మేస్త్రి వదులైన తన చేతి వైపు చూసుకోలేదు, జీపు కదలడమూ చూడలేదు. సెట్‌ని నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"అటు చూడకు తల్లీ. హ్యాండిల్ చూడు. పావు వంతే. పావు వంతే."